పీపాలో శబరి రాళ్ళు

బస్తర్ సంస్థానంలో ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, కలప డిపోలో గుమాస్తాగా చేశానని చెబుతాను. అబద్ధం కాదు. దుంగల మీద నంబర్లు వేయించాను, తెప్పలు కట్టించాను, శబరి మీద వాటిని కిందికి సాగనంపాను. కాని యుద్ధం నడిచినన్నాళ్ళూ నేను మనసు పెట్టి చేసిన పని వేరొకటి ఉంది. ఒక చిన్న పీపాను నిండుగా ఉంచడం. వినడానికి పెద్ద పనిలా ఉండదు. చేసేటప్పుడూ ఉండదు. మానేద్దామని చూసినప్పుడే తెలుస్తుంది, అది మనల్ని ఎంత గట్టిగా పట్టుకుందో.

పీపాలో ఉన్నది వైను. ఇటలీలో ఒక కొండవాలు మీద ఒకే ఒక్క కుటుంబం సొంత ద్రాక్షతో చేసి, ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ళతరబడి మాగబెట్టే ఎర్ర వైను. ఏడాదికి నాలుగైదు పీపాలకు మించి చేయలేరట. అందులో ఒక చిన్నది, మన ఇళ్ళలో నాలుగైదు బిందెల నీళ్ళు పట్టేంతది, ఓడెక్కి, రైలెక్కి, రాజమండ్రిలో లాంచీ ఎక్కి, కూనవరం దగ్గర పడవ మారి, కుంట రేవులో దిగింది. కుంట బస్తర్ సంస్థానానికి దక్షిణపు కొస. ఏటికి అవతల జయపురం వాళ్ళ అడవి, పడమటికి పోతే భద్రాచలం. సంస్థానం హుకుములు జగదల్‌పూర్ నుంచి హిందీలో వచ్చేవి. వాటికి మేం తెలుగులో తలలూపేవాళ్ళం. అంగడి రోజున బేరం అక్కడి దొర్ల తెగవాళ్ళ దొర్లీలో మొదలై, తగాదా గోండీలోకి దిగి, రాజీ మళ్ళీ తెలుగులో అయ్యేది.

పీపా తెప్పించుకున్నది మా డిపోలో రంపాల మీద పెత్తనం చేసే ఇటలీ దొర. పొడుగ్గా, ఎండకు కాలిన ఇటుక రంగులో ఉండేవాడు. ఊళ్ళో తెల్లగా ఉన్న ప్రతివాణ్ణీ ఇంగ్లీషు దొర అనేవారు. ఆ మాట వింటే ఆయనకు ఎక్కడలేని కోపం. తెలుగు మాత్రం దుంగలు దొర్లించే దొర్ల కూలీల దగ్గర నేర్చుకున్నాడు. కాబట్టి ఆయన భాషలో మీరు అనే మాట లేదు. తహశీల్దారుగారు డిపో చూడటానికి వచ్చిన రోజున, "ఏంది, ఎండల నిలబడ్డవ్? నీడకు రా" అన్నాడు. తహశీల్దారుగారు నీడకు వచ్చారు.

దొర తన బంగళా వెనక ఏటిగట్టు మట్టిలో ఒక నేలకొట్టు తవ్వించాడు. లోపల పీపాకు ఒక చెక్క దిమ్మ, పైన తాటాకు కప్పు, తలుపు చుట్టూ గోనెపట్టాలు. మే నెలలో కుంటలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. అప్పుడూ ఆ కొట్టులో అడుగు పెడితే ఒళ్ళు జల్లుమనేది. పీపా మాగేది అక్కడ. ఇంకో రెండేళ్ళకు సీసాల్లోకి తీయాలని ఆయన లెక్క.

రెండేళ్ళు ఆగే ఓపిక ఇటలీకి లేకపోయింది. ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధంలో దిగింది.

జగదల్‌పూర్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు జవాన్లు లారీలో వచ్చారు. ఇన్‌స్పెక్టరు మర్యాదస్థుడు. టోపీ తీసి, "సాబ్, క్యా కరే, జంగ్ హో గయీ. చల్నా పడేగా" అన్నాడు, యుద్ధం వచ్చింది కనక రాక తప్పదని.

దొర ఆయన్ని ఎగాదిగా చూసి తెలుగులోనే అడిగాడు. "నేను ఎవరితోని కొట్లాడుతున్న? ఈడ నాకు చెదలతోనే తీరుత లేదు."

నేను దాన్ని హిందీలో చెప్పాను. ఇన్‌స్పెక్టరు సానుభూతిగా తల ఆడించి, ఒక్క పెట్టె తెచ్చుకోవచ్చన్నాడు. పీపా పెట్టె కాదని కూడా అన్నాడు. దొర నన్ను చెయ్యి పట్టుకుని నేలకొట్టులోకి లాక్కుపోయాడు.

"గుమాస్తా, నువ్వు తాగవు గద?"

"తాగను."

"ఒక్క చుక్క?"

"మా ఇంట్లో ఊరగాయ కాస్త పొంగితేనే మా నాయనమ్మ జాడీ మొత్తం పారబోయించేది."

"మంచిది. అయితే నువ్వే." ఉద్యోగాలకు నేను చాలా అర్జీలు పెట్టుకున్నాను. ఇంత తొందరగా ఎవరూ ఇవ్వలేదు. "ఇను. ఓక్ చెక్క ఊపిరి పీలుస్తది. పీల్చుకుంట పీల్చుకుంట లోపలిది కొంచెం తాగుతది. మట్టం దిగుతది. దిగిన జాగల గాలి చేరుతది. గాలి చేరిందనుకో, పులుసుల పోసుకోను పనికొస్తది, అంతే. అందుకే దిగినప్పుడల్ల నింపాలె. నింపేటందుకు ఇగో సీసాలు, మా అన్న పంపిండు, ఇదే వైను. ఎండాకాలం గోనెలు తడుపు. పీపాను కదపకు. నేను వస్త."

"ఎప్పుడు?"

"అది ఇన్‌స్పెక్టరును అడుగు."

లారీ ఎక్కుతూ కూడా వెనక్కి తిరిగి, "నిండుగ!" అని అరిచాడు. జవాన్లు అదేదో ఇటలీ వాళ్ళ యుద్ధ నినాదం అనుకుని కంగారుపడ్డారు.

నాకు సాయం బంగళా కావలి తాత, ఆయన భార్య అవ్వ. ఇద్దరూ పక్కనున్న దొర్ల గూడెం వాళ్ళు. దొర పోయాక కొత్తగా వచ్చిన రంపాల మేస్త్రీ బంగళాలోకి దిగలేదు, చెదలు ఎక్కువని. అలా ఆ బంగళాకు, నేలకొట్టుకు మేం ముగ్గురమే మిగిలాం. తాత గోనెలు తడిపేవాడు. అవ్వ ఏటినీళ్ళు మోసేది. నేను వారానికోసారి పీపా పైనున్న బిరడా తీసి, రంధ్రంలో వేలు పెట్టి మట్టం చూసేవాణ్ణి. వేలికి తడి వెంటనే తగిలితే సరే. తగలకపోతే సీసాలోంచి కొంచెం పోయడం, బిరడా బిగించడం. తరవాత వేలు వాసన చూసేవాణ్ణి. నేరేడుపళ్ళు, తడిసిన చెక్క, ఎక్కడో మూల కొంచెం వక్కపొడి. ఈ మూడూ ఉన్నంతకాలం బాగున్నట్టేనని నా శాస్త్రం. రుచి చూసి చెప్పగలవాడు నూరు మైళ్ళలో లేడు.

మొదటి చిక్కు తాతతోనే వచ్చింది. ఇక్కడివాళ్ళు కల్లయినా సారా అయినా నోట పెట్టేముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తారు, పోయిన పెద్దలకు. పెద్దలు తాగకుండా పిల్లలు తాగకూడదు. నేను బిరడా తీసి, వేలు పెట్టి, వేలు పంచెకు తుడుచుకోవడం తాత కొన్ని వారాలు చూశాడు. ఒకరోజు గోనెలు తడపకుండా గుమ్మం ముందు కూర్చున్నాడు.

"ఏం తాతా, ఒంట్లో బాలేదా?"

"నాకేంది, బాగనే ఉన్న. పెద్దోళ్ళకే బాలేదు. సారా కుండ నోరు తెరుస్తవ్, వాసన ఊరంత పోతది, ఒక్క చుక్క నేలకు పొయ్యవ్. గిట్లాంటి కుండకు నేను నీళ్ళు చల్ల."

"తాతా, దొర పెద్దలు ఇటలీలో ఉన్నారు."

"సచ్చినోళ్ళకు దూరమేంది?"

బి.ఏ.లో తర్కశాస్త్రం మంచి మార్కులతోనే పాసయ్యాను, కాని పరీక్షలో ఈ ప్రశ్న రాలేదు. చుక్కలు పోయడం నాకిష్టం లేదు. పోసిన ప్రతి చుక్కా పీపాలో గాలికి ఇచ్చిన చోటు. చివరికి ఇద్దరం కూర్చుని ఒక రాజీకి వచ్చాం. మట్టం చూసిన వేలికి ఎలాగూ తడి అంటుతుంది. దాన్ని పంచెకు తుడవకుండా నేల మీద విదిలించాలి. పంచెకు కూడా అదే మంచిదని అవ్వ అన్నది, ఉతికేది ఆమే కనక. ఆ రోజు నుంచి ఇటలీలో ఏ కొండ మీదో పడుకున్న ఎవరి తాతముత్తాతలకో కుంటలో వారం వారం నా చూపుడువేలు మీదుగా తర్పణం అందేది.

రెండో చిక్కు పెద్దది. సీసాలు అయిపోయాయి. యుద్ధం అవలేదు.

కుంటలో చదువుకున్నవాళ్ళందరూ తలా ఒక సలహా ఇచ్చారు. దవాఖానా కంపౌండరు మందుల్లో కలిపే స్వచ్ఛమైన నీళ్ళు పోద్దామన్నాడు. తహశీలులో పేష్కారుగారు తన దగ్గర ఒక బ్రాందీ సీసా ఉందన్నారు. అది పీపాలో పోయడం కన్నా, పీపాలోది కొంచెం ఆ సీసాలో పోసి చూస్తే ఎలా ఉంటుందో కూడా ఆయనే ఆలోచించి పెట్టారు. తాత ఇప్పసారా అన్నాడు. అవ్వ జీలుగు కల్లు అన్నది. అందరికీ దండం పెట్టాను. దొర చెప్పింది అదే వైనుతో నింపమని. అదే వైను లేకపోతే పోయడానికి ఇంకేదీ లేదు.

నాలుగు రోజులు దుంగల మీద నంబర్లు తప్పు వేయించాను. ఐదో రోజున తట్టింది. నాకు కావలసింది వైను కాదు, మట్టం. కుండలో నీళ్ళు అడుగునుంటే కాకి ఏం చేసిందో ఒకటో తరగతిలోనే చెప్పారు. మధ్యలో పధ్నాలుగేళ్ళు, రెండు కాలేజీలు, మా నాన్నగారి సగం పొలం ఖర్చయ్యాక నేను ఆ కాకి దగ్గరకు చేరుకున్నాను.

అయితే కాకికి వైను సంగతి తెలియదు. పుల్లటి వస్తువులో ఏ రాయి పడితే ఆ రాయి వేయకూడదు. సున్నపురాయి పడితే నురగ వస్తుంది, వైను చప్పబడుతుంది. ఆ ముక్క మాత్రం కాలేజీ వాళ్ళే చెప్పారు. శబరి ఇసుక దిబ్బల్లో తిరిగి, బిరడా రంధ్రంలో పట్టేంత చిన్న తెల్ల పలుగురాళ్ళు ఏరుకొచ్చాను. ఒక్కోదాని మీద నిమ్మరసం పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి. బుస్సుమన్నది ఏట్లోకి. ఏమీ అననిది గిన్నెలోకి. తరవాత వాటిని ఉడకబెట్టడం. అవ్వ పొయ్యి ముందు కూర్చుని అంతా చూసింది.

"రాళ్ళు ఉడుకుతయా బాబూ?"

"ఉడకవు అవ్వా. శుభ్రపడతాయి."

"ఉప్పెయ్యాల్నా?"

"వద్దు."

ఆమె సాయంత్రం గూడెంలో చెప్పింది. మర్నాడు నాకు మూడు ఇళ్ళ నుంచి అన్నం వచ్చింది.

రాళ్ళు పనిచేశాయి. మట్టం పైకొచ్చింది. నేరేడు, చెక్క, వక్కపొడి. అలా ఇంకో ఎండాకాలం దాటాం, ఇంకో వాన దాటాం. కుంటలో వానాకాలం వెళ్ళేటప్పుడు ఊరికే వెళ్ళదు, జ్వరాలు పెట్టి వెళుతుంది. ఆ ఏడు నన్ను కూడా పట్టింది. చలిజ్వరం తలకెక్కితే పడవలో వేసి భద్రాచలం ఆసుపత్రికి పంపారు. క్వినైను చెవుల్లో గంటలు మోగిస్తుంటే నాకు గుర్తున్నది ఒక్కటే, మట్టం ఎవరు చూస్తున్నారు? నర్సమ్మను "నిండుగా ఉందా?" అని అడిగేవాణ్ణట. ఆవిడ కడుపు గురించి అనుకుని గంజి ఆపేసింది.

నిలబడగలిగిన మొదటి రోజునే పడవెక్కాను. డాక్టరు వద్దన్నాడు. పడవవాడు కూడా వద్దన్నాడు. రేవులో దిగి, బసకు పోకుండా సరాసరి నేలకొట్టుకు వెళ్ళాను. గోనెలు తడిగానే ఉన్నాయి. బిరడా తీసి వేలు పెట్టాను. తగల్లేదు. వేలు మొదలంటా దూర్చాను. తగల్లేదు. వెదురుపుల్ల దించి చూస్తే పీపాలో వైను మూడొంతుల దగ్గర ఆగింది. దిమ్మ కింద తడి లేదు, కారిన గుర్తు లేదు.

"తాతా!"

తాత నవ్వుకుంటూ వచ్చాడు. వెనకే అవ్వ. నన్ను చూసి ఇద్దరికీ నిజంగానే సంతోషం. "లేచినవా బాబూ! నేను చెప్పలే, పండుగ జేస్తే లేస్తడని!"

"ఏం పండుగ?"

అప్పుడు చెప్పారు. దొర్లవాళ్ళు కొత్త మామిడికాయ గాని, కొత్త చిక్కుడుకాయ గాని, కొత్త ఇప్పపువ్వు గాని పండుగ చేసి పెద్దలకు పెట్టకుండా తినరు. అది నాకు తెలిసిందే. తెలియంది దాని రెండో సగం. పండుగ చేయని కొత్తపంటను ఇంట్లో ఊరికే దాచిపెడితే, దాచినవాడికి జ్వరం వస్తుంది. నేను పడవలో మూలుగుతూ పోయిన నాడు గూడెం పూజారి ఆలోచించాడు. ఈ బాబు దగ్గర ఉన్న కొత్తపంట ఏంది? ద్రాక్ష. ఈ నేలకు కొత్త. ఎన్నేళ్ళయింది? మస్తు ఏళ్ళు. పండుగ చేసిన్రా? చెయ్యలే. ఇంకేముంది.

"విదిలించినం గద తాతా, వారం వారం!"

"అది పెద్దోళ్ళ దూపకు. పండుగ వేరే, అది వేరే" అన్నాడు తాత, ఇంత చదివినవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "కోడిని కోసినం. డోలు కొట్టినం. నేల తల్లికి ఒక దొప్ప, పెద్దలకు ఒక దొప్ప. పండుగ అన్నంక ఇంటికో దొప్ప పోవాలె గద. ఒక్క ఇల్లు తప్పినా ఫలం రాదు. పసిపిల్లలకు పెదవులకు రాసినం. ఎవ్వరు రెండోది అడగలే, ఒట్టు."

అవ్వ అన్నది, "అడుగుతరా ఎవరన్న? ఏం సారా బాబూ అది! నేరేడుపండు తిని మంచంకోడు నాకినట్టున్నది. పాపం, ఆ దొర దీని కోసమా అంత ఏడ్చిండు!"

నేను పీపా పక్కనే నేల మీద కూర్చున్నాను. నన్ను బతికించడానికి ఊరు ఊరంతా, పసిపిల్లలతో సహా, ఆ వగరంతా మింగింది. కోప్పడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పైగా నేను లేచి కూర్చున్నాను కూడా. క్వినైను వల్ల అని వాదించవచ్చు. గూడెంలో ఆ వాదన వినేవాడెవడు?

కూర్చుంటే గాలి ఆగదు. నాలుగో వంతు ఖాళీ అంటే ఎంత గాలి! అది ఇప్పటికే ఎన్ని రోజులుగా పని చేస్తోందో. బిరడా దగ్గర ముక్కు పెట్టాను. నేరేడు ఉంది. చెక్క ఉంది. వక్కపొడి చోట ఇంకేదో, పచ్చడి జాడీ మూతలాంటిది, సన్నగా.

లేచాను. "తాతా, ఎవరెవరు తాగారు?"

"అందరు."

"అయితే అందరూ రావాలి. ఇంటికో దొప్పెడు రాళ్ళు. తాగినంత తేవాలి. తెల్ల పలుగురాళ్ళు, రేగ్గింజను మించి ఉండకూడదు."

తాతకు ఇది అన్యాయంగా ఏమీ తోచలేదు. తీసుకున్న చోట పెట్టడం న్యాయమే. గంటలో డోలు మోగింది. మధ్యాహ్నానికి శబరి ఇసుకలో గూడెం గూడెమంతా వంగి ఉంది. తహశీలు జవాను ఒకడు బంగారం దొరికిందేమోనని పరిగెత్తుకొచ్చాడు. చెబితే నమ్మలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉండి, వాడూ ఏరాడు.

నేను కొట్టు గుమ్మంలో నిమ్మకాయలు పెట్టుకుని కూర్చున్నాను. ముందు పూజారి వచ్చాడు, దొప్ప నిండా. ఒకటి బుస్సుమంటే తీసి పక్కన పడేశాను.

"ఏందది? నా రాయికేమైంది?"

"సున్నం ఉంది."

"మా ఇంటిదాని రాళ్ళు జూడు, అన్ని మంచియేనా? పెండ్లినాటి సంది నా తప్పులే పడతది."

ఆమెవి చూశాను. ఒక్కటీ బుస్సుమనలేదు. ఆయన తగ్గిన రాయి కోసం మళ్ళీ ఏటికి పోయాడు. అవ్వ మూడు పొయ్యిల మీద బానలు పెట్టి ఉడకబెట్టింది. అప్పటికి ఆమెకు రాళ్ళు ఉడకవని రూఢి అయింది కనక, ఉప్పు ప్రసక్తి తేలేదు. చల్లారినవి చల్లారినట్టు నేను ఒక్కొక్కటే రంధ్రంలోంచి వదిలాను, చప్పుడు కాకుండా, పీపా కదలకుండా. ఎండ ఏటి అవతలి గట్టు ఎక్కేసరికి వేలికి తడి తగిలింది. నేల మీద విదిలించాను. గూడెం వాళ్ళు, సరే, ఇక పోదాం అన్నట్టు లేచారు.

ఆ రోజు నుంచి వారానికోసారి కాదు, రోజూ వాసన చూశాను. ఆ పచ్చడి జాడీ మూత పోలేదు, పెరగలేదు. అది చావు వాసనో, ముసలితనం వాసనో నాకు తెలియదు. పేష్కారుగారు రుచి చూసి చెబుతానని చాలాసార్లు ముందుకొచ్చారు. దొర వచ్చేదాకా ఆ బిరడాకు నా వేలు తప్ప ఇంకెవరి గ్లాసూ దగ్గరకు రాకూడదని నిశ్చయించుకున్నాను. రాజమండ్రిలో మంచి ఉద్యోగం ఉందని మా మామయ్య రెండుసార్లు కబురు పెట్టాడు. ఇక్కడ ముఖ్యమైన పని ఉందన్నాను. ఏం పనని అడిగితే పీపాలో రాళ్ళు వేస్తున్నానని చెప్పలేక, సర్కారు పని అన్నాను.

యుద్ధం అయిపోయిందని కబురొచ్చింది. అయిపోయాక కూడా చాలాకాలం ఎవరూ రాలేదు. ఒక చలికాలం పొద్దున కూనవరం పడవలోంచి ఒక ముసలాయన దిగాడు. దగ్గరకొచ్చేదాకా దొర అని గుర్తుపట్టలేదు. సగానికి సగమై, నెరిసిన గడ్డంతో, ముందుపళ్ళు రెండు లేకుండా ఉన్నాడు. బాగున్నావా అని అడగలేదు.

"ఉందా?"

"ఉంది. కొంత."

"కొంత అంటే ఏంది?"

"ముందు చూడండి."

నడుస్తూ చెప్పాడు. ఉత్తరాదిన ఏదో శిబిరంలో ఉంచారట. ఇప్పుడు ఓడెక్కించి ఇంటికి పంపుతున్నారు. విశాఖపట్నంలో చుట్టాన్ని చూడాలని అబద్ధం చెప్పి ఇటు వచ్చాడు. ఎందుకంటే ఆయన ఊళ్ళో యుద్ధం రెండువైపుల నుంచీ నడిచింది. పోయే సైన్యం, వచ్చే సైన్యం రెండూ అన్న కొట్టులో దిగాయి. పీపాలు ఖాళీ చేసి, చలికి వాటినే పొయ్యిలో పెట్టాయి. ద్రాక్షతోట మీదుగా బండ్లు పోయాయి. "అన్న ఇప్పుడు మళ్ళ మొక్కలు నాటుతుండు. కాపుకు ఏండ్లు పడతది. అన్న చేతి వైను ఇంక యాడ లేదు. ఈడ తప్ప." ఆ చివరి మాట అనేటప్పుడు నా మొహం చూడలేదు. నేను కూడా నేలనే చూశాను.

కొట్టులో తాత, అవ్వ, వెనక పూజారి. ఎవరికీ చెప్పకుండానే గూడెంలో సగం గుమ్మం బయట చేరింది. దొర రబ్బరు గొట్టం దించి, నోటితో పీల్చి, కొంచెం గాజు గ్లాసులో పట్టాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇటుకపొడి రంగు. వాసన చూసి ఆగాడు. ఆ ఆగడంలో నా మిగతా జ్వరం కూడా వదిలింది. నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఇటూ అటూ తిప్పి, మింగాడు. మళ్ళీ కొంచెం పట్టాడు. మళ్ళీ మింగాడు.

"చచ్చిందా?" అన్నాను.

"ముసలిదైంది" అన్నాడు. "నా లెక్కనే. పండ్లు రాలినయ్. కొంచెం పులుపెక్కింది. కాని బతికే ఉన్నది." ఇంకో గుక్క తాగి, "బతికే ఉన్నది గుమాస్తా. ఇది మా కొండే" అన్నాడు.

తాత బయటికి వెళ్ళి ఆ ముక్క దొర్లీలో చెప్పాడు. బయట డోలు ఒక్క దెబ్బ కొట్టి ఎవరో ఆపారు.

సీసాల్లోకి తీయడం మొదలుపెట్టాక దొర పీపాను కొంచెం వంచాడు. లోపల గలగలమంది.

"ఏందీ చప్పుడు?"

"రాళ్ళు."

"ఎవరివి?"

"ఊరివి."

మొత్తం చెప్పాను, కాకి నుంచి పండుగ దాకా. ఆయన గొట్టం చేత్తో నొక్కిపట్టి విన్నాడు. అయ్యాక తాత వైపు తిరిగి, "తాగినప్పుడు ఎట్లున్నది?" అని అడిగాడు. తాత సమాధానం వెతుక్కుంటుంటే అవ్వ ముందుకొచ్చింది.

"ఏం బాలేదు దొరా. నీకు అది ఎట్ల సయిస్తదో గాని."

నేను కళ్ళు మూసుకున్నాను. దొర నవ్వు మొదలుపెట్టాడు. పళ్ళు లేని సందులోంచి ఈలలా వచ్చింది. "మా వదినె గూడ ఇదే మాట అంటది. నలభై ఏండ్ల సంది."

కుంటలో కార్కులు దొరకవు. తాత బూరుగు చెక్క చెక్కి బిరడాలు చేశాడు. అవ్వ అడవి లక్క కరిగించి ప్రతి సీసా మూతికీ ముద్ర వేసింది. రాళ్ళ మధ్య మిగిలినదంతా పిండితే కొద్ది సీసాలే వచ్చాయి. దొర వాటిని కొయ్యపెట్టెలో గడ్డి పరిచి సర్దాడు, పసిపిల్లల్ని మంచం మీద వేసినట్టు, అడ్డంగా.

పడవ దగ్గర తగాదా అయింది. పడవవాడు పెట్టె మూత ఎత్తి చూసి, సీసాలు పడుకుని ఉండటం ఒప్పుకోలేదు.

"కారుతయ్ దొరా. నిలబెట్టాలె."

"పడుకోబెట్టాలె. బిరడా తడిగ ఉండాలె."

"నా పడవల ఎన్ని సారా సీసాలు పోయినయో నీకెరుకనా? అన్ని నిలబడే పోయినయ్."

"అవి సారా సీసాలు. ఇది వైను."

"ఏదైతేంది, కారితే కారినట్టే!"

దొర పెట్టె మూత వేసి దాని మీదే కూర్చున్నాడు. పడవ గట్టు వదిలింది. చెయ్యి ఊపుదామని నేను నీళ్ళలోకి మోకాలిదాకా దిగాను, కాని ఆయనకు తీరిక లేదు. నడిఏట్లో కూడా వేలు ఆడిస్తూ పడవవాడికి ఏదో చెబుతున్నాడు. పడవవాడు గడ ఆపి ఎదురు చెబుతున్నాడు. తాత నా పక్కన నిలబడి, ఎవరిది రైటని అడిగాడు. దొరదే అన్నాను. వంపు తిరిగేదాకా చూశాం. ఆయన పెట్టె మీంచి లేవలేదు.